మామ కార్ల బుకింగ్ యాప్‌ని క్లౌడ్‌లోకి ఎట్ల ఎక్కించినానంటే

తిరుపతి బస్టాండ్ దగ్గర మా మామకి మూడు కార్లుండాయి, కొండకి, కాణిపాకానికి, శ్రీకాళహస్తికి బాడుగకి తిప్పుతాడు. బుకింగులన్నీ లాంగ్ నోట్‌బుక్కులో రాసి కొట్టేసి మళ్ళీ రాస్తా ఉంటే చూడలేక పైథాన్‌లో వెబ్‌సైట్లు చేసే ఫ్లాస్క్‌తో చిన్న వెబ్ యాప్ చేసిచ్చినా. నా లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడిచింది. మామ చూసి "బాగుంది అల్లుడూ, మరి నా ఫోన్లో ఎప్పుడొస్తుంది?" అన్నాడు. ఒక్క సాయంత్రంలో అయిపోతుందని చెప్పినా, వారం పట్టింది. మీకు అంత పట్టకూడదని రాస్తుండా.

ఫోన్లో రావాలంటే యాప్ నా లాప్‌టాప్‌లో కాదు, ఎప్పుడూ ఆన్‌లో ఉండే వేరేవాళ్ళ కంప్యూటర్లో, అంటే క్లౌడ్‌లో నడవాల. ఇట్లాంటి చిన్న యాప్‌లకి ఆ చోటిచ్చే హెరోకునే ఒకప్పుడు అందరూ వాడేవాళ్ళు, 2022 నవంబర్ 28 నుంచి వాళ్ళు ఫ్రీ ప్లాన్ ఎత్తేసినారు. నేను అట్లాంటిదే రెండర్ అనే సర్వీస్ తీసుకున్నా, మీరు ఇంకోటి తీసుకున్నా పద్ధతి ఇంచుమించు ఇదే.

ముందు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ ఒక్క ప్రాజెక్టు ప్యాకేజీలు విడిగా ఉండే చోటు) ఆన్ చేసి, ప్యాకేజీల లిస్టు ఇచ్చే పిప్ ఫ్రీజ్ కమాండ్ కొట్టండి, వచ్చిందంతా రిక్వైర్‌మెంట్స్ డాట్ టీఎక్స్‌టీ ఫైల్లో పడాలి. ఆన్ చెయ్యకుండా కొడితే ఎప్పుడో కాలేజీ ప్రాజెక్టుకి వేసిన ప్యాకేజీలు కూడా దాంట్లోకి వచ్చి కూర్చుంటాయి. ఆ ఫైల్లో గునికార్న్ అనే సర్వర్ ప్యాకేజీ ఉండాలి, ఎందుకంటే మనం రోజూ నడిపే ఫ్లాస్క్ సర్వర్ డెవలప్‌మెంట్ కోసం మాత్రమే, ప్రొడక్షన్‌కి వాడొద్దని టెర్మినల్లో అదే మొత్తుకుంటా ఉంటుంది, మనమే చదవం. విండోస్‌లో గునికార్న్ ఇన్‌స్టాల్ అవుతుంది గానీ నడవదు, దానికి కంగారు పడొద్దు, రెండర్‌లో ఉండేది లినక్స్.

తర్వాత కోడ్‌ని ఆన్‌లైన్లో దాచే గిట్‌హబ్‌లోకి పుష్ చెయ్యాల, అంటే ఎక్కించాల. దానికంటే ముందే సీక్రెట్ కీ, డేటాబేస్ పాస్‌వర్డ్ ఉండే డాట్ ఈఎన్‌వీ ఫైల్ పేరు ఎక్కించకూడని ఫైళ్ళ పేర్లుండే గిట్‌ఇగ్నోర్‌లో రాయండి. పొరపాటున ఒకసారి పుష్ అయిందంటే తర్వాతి కమిట్‌లో (సేవ్ చేసిన మార్పులో) డిలీట్ చేసినా లాభం లేదు, పాత హిస్టరీలో అట్లనే ఉంటుంది, ఆ పాస్‌వర్డ్ మార్చేయడమే మేలు. ఆ విలువలన్నీ రెండర్ డాష్‌బోర్డులో ఎన్విరాన్‌మెంట్ అనే చోట విడిగా ఇచ్చుకోవాల.

ఇక రెండర్‌లో న్యూ, వెబ్ సర్వీస్ నొక్కి గిట్‌హబ్‌లో మీ కోడ్ ఉండే రిపో కలపండి. రీజియన్, అంటే సర్వర్ ఎక్కడ ఉండాలని అడిగినప్పుడు సింగపూర్ పెట్టుకోండి, వాళ్ళకి మన దేశంలో రీజియన్ లేదు, ఉన్నవాటిలో మనకి దగ్గరిది అదే. యాప్‌ని మొదలుపెట్టే స్టార్ట్ కమాండ్ దగ్గర చాలామంది తడబడతారు: గునికార్న్, ఒక స్పేస్, తర్వాత యాప్ కోలన్ యాప్. మొదటి యాప్ మీ పైథాన్ ఫైల్ పేరు, రెండోది దాని లోపల ఫ్లాస్క్ ఆబ్జెక్ట్‌కి మీరు పెట్టిన పేరు. మీ ఫైల్ పేరు మెయిన్ అయితే మెయిన్ కోలన్ యాప్ అవుతుంది. పోర్ట్ (బయటి నుంచి రిక్వెస్టులు వచ్చే నంబర్ ఉన్న తలుపు) సంగతి గునికార్నే చూసుకుంటుంది, పోర్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంటే దాన్నే తీసుకుని 0.0.0.0 మీద, అంటే బయటి నుంచి వచ్చేవాటిని కూడా, వింటుంది. వేరే సర్వర్ వాడేవాళ్ళు మాత్రం 127.0.0.1, అంటే ఆ కంప్యూటర్ లోపలికి మాత్రమే, అని వదిలేశారంటే బయటి నుంచి ఎవరూ లోపలికి రాలేరు.

డిప్లాయ్ (యాప్‌ని సర్వర్ మీద పెట్టడం) నొక్కినాక లాగ్స్, అంటే అది ఏం చేస్తా ఉందో చెప్పే లైన్లు, చూస్తా ఉండండి. ఎర్రర్ వస్తే అన్నిటికంటే కింద ఉండే లైన్ నుంచి పైకి చదవండి. నాకు లోగో ఒక్కటే రాలేదు, 404, అంటే ఫైల్ దొరకలేదని. ఫైల్ పేరులో ఎల్ పెద్దక్షరం, హెచ్‌టీఎమ్ఎల్‌లో చిన్నక్షరం, విండోస్ పట్టించుకోదు, లినక్స్‌కి అవి రెండు వేరే ఫైళ్ళు.

అసలు దెబ్బ డేటాబేస్ దగ్గర తగిలింది. నేను బుకింగులన్నీ ఒకే ఫైల్లో దాచే ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌ని అట్లనే వదిలేసినా. మామ పొద్దన్నుంచీ ఆరు బుకింగులు ఎక్కించినాడు, నేను మధ్యాహ్నం బటన్ రంగు మార్చి పుష్ చేసినా, ఆరూ పోయినాయి! పుష్ చేస్తే మళ్ళీ డిప్లాయ్ అవుతుంది, అక్కడ డిస్క్ తాత్కాలికం, ప్రతి డిప్లాయ్‌కీ ఫైళ్ళు మళ్ళీ మొదటి నుంచి వస్తాయి. డేటా నిలవాలంటే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ విడిగా పెట్టి దాని లింకుని ఎన్విరాన్‌మెంట్‌లో ఇవ్వాల, కస్టమర్లు అప్‌లోడ్ చేసే ఫొటోలకి కూడా ఇదే గొడవ. రెండర్ ఫ్రీ పోస్ట్‌గ్రెస్‌కి 30 రోజులే గడువు, ఈ లెక్కలు మారతా ఉంటాయి కాబట్టి పెట్టే రోజు ప్రైసింగ్ పేజీ చూసుకోండి. నోట్‌బుక్కు పారెయ్యలేదు కాబట్టి ఆరోజు బతికిపోయినా.

ఇంకోటి, తిరుపతిలో ఉండేవాళ్ళకి బాగా తగిలేది. ఇక్కడ రాత్రి రెండుకీ మూడుకీ రైలు దిగి కారు కావాలనేవాళ్ళు ఎక్కువ. అర్ధరాత్రి నుంచి తెల్లారుజామున 5:30 లోపల వచ్చిన బుకింగులన్నీ నిన్నటి తేదీతో పడతా ఉన్నాయి. సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. డేటాబేస్‌లో యూటీసీనే ఉంచండి, స్క్రీన్ మీద చూపించేటప్పుడు, ఈరోజు బుకింగులు అని వెతికేటప్పుడు జోన్‌ఇన్ఫో అనే పైథాన్ మాడ్యూల్‌తో ఏషియా స్లాష్ కోల్‌కతాకి మార్చుకోండి, పైథాన్ 3.9 నుంచి అది లోపలే వస్తుంది.

ఫ్రీ ప్లాన్‌లో 15 నిమిషాలు ఎవరూ రాకపోతే సర్వీస్ నిద్రపోతుంది, మళ్ళీ లేవడానికి నిమిషం దాకా పడుతుంది. మామ మూడు గంటలకి ఫోన్ చేసి "నేను లేసినా గానీ నీ సైటు లేయలేదురా" అన్నాడు. నెలకి 7 డాలర్ల ప్లాన్ ఉంది, దాంట్లో నిద్ర ఉండదు అని చెప్తే, కొండకి ఒక ట్రిప్పు బాడుగలో సగం కూడా లేదు కదరా, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని తిట్టినాడు.