కేవీ-1 ఆర్‌సీ మోడల్ కడుతున్నారా? సస్పెన్షన్‌కి పియానో వైరు వాడండి

రెండో ప్రపంచ యుద్ధం నాటి సోవియట్ భారీ ట్యాంకు కేవీ-1ని 1/16 స్కేల్‌లో, రిమోట్‌తో నడిచేలా (ఆర్‌సీ) సొంతంగా కట్టేవాళ్లు చక్రాలను హల్‌కి, అంటే ట్యాంకు బాడీకి, నేరుగా బిగించేయకండి. అసలు ట్యాంకులో ఒక్కో పక్క ఆరు చక్రాలు, ప్రతిదానికీ విడిగా టార్షన్ బార్ ఉంటుంది, అంటే ఉక్కు కడ్డీ మెలితిరగడమే అక్కడ స్ప్రింగు పని చేస్తుంది. మోడల్లో ఆ పని పియానో వైరు, అంటే స్ప్రింగు గుణమున్న గట్టి ఉక్కు తీగ, భేషుగ్గా చేస్తుంది.

వైరు చివర ఎల్ ఆకారంలో వంచి స్వింగ్ ఆర్మ్‌లోకి (చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చేయి) దూర్చండి, రెండో చివర కూడా అలాగే వంచి హల్ మధ్యలో అడుగుకి బిగించిన ఇత్తడి దిమ్మెలో స్క్రూతో పట్టించండి. వంచడం తేలికని ఎర్రగా కాల్చారంటే స్ప్రింగు గుణం పోతుంది, చల్లగానే వైస్‌లో పెట్టి వంచాలి. అన్నిటికంటే ముఖ్యం, రెండు సైడ్ ప్లేట్లనూ ఒకదానిమీద ఒకటి పెట్టి క్లాంపు వేసి రంధ్రాలు ఒకేసారి డ్రిల్ చేయండి, లేకపోతే రెండు పక్కల చక్రాల ఎత్తు కలవక ట్యాంకు ఒరిగి నిలబడుతుంది.

వైరు మందం లెక్కలేసి కాదు, బరువు పెట్టి తేల్చుకోవాలి. బ్యాటరీ, మోటార్లు, టరెట్ (పైన తిరిగే ఫిరంగి భాగం) అన్నీ ఎక్కించాక చక్రాలు రెండు మూడు మిల్లీమీటర్లు కుంగితే సరి, కదలకపోతే ఇంకాస్త సన్నది వేయండి.

ట్రాక్‌ని తిప్పే పళ్ల చక్రం, అంటే డ్రైవ్ స్ప్రాకెట్, వెనక ఉంటుంది కాబట్టి గేర్‌బాక్స్‌ని చివరి బార్లకి తగలకుండా కొంచెం పైకి కూర్చోబెట్టండి. అసలు ట్రాక్ వెడల్పు 700 మి.మీ., మనకి దాదాపు 44. సస్పెన్షన్ కదిలినప్పుడు ట్రాక్ బిగువు మారుతుంది, అందుకే ముందున్న ఐడ్లర్ (ట్రాక్‌ని బిగువుగా పట్టే చక్రం) ఇరుసుకి గుండ్రటి రంధ్రం బదులు పొడవాటి గాడి పెట్టుకోండి.