టొమాటిల్లో పూస్తోంది కానీ కాయడం లేదా? పెరట్లో, వంటింట్లో వచ్చే చిక్కులు, వాటి పరిష్కారాలు

టొమాటిల్లో అంటే కాగితంలాంటి పొర లోపల పెరిగే పుల్లటి పచ్చని కాయ. అమెరికాలో ఉండే మనవాళ్ళు చాలామంది దీన్ని మొదట మెక్సికన్ కిరాణా షాపులో చూస్తారు. పుల్లటి పచ్చడికి బాగుంటుందని ఎవరో చెప్తే కొంటారు, నచ్చుతుంది, మరుసటి వేసవిలో బ్యాక్‌యార్డ్‌లో ఒక మొక్క పెడతారు. ఆ "ఒక మొక్క" దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఇది టమాటాకి చుట్టమే కానీ టమాటా కాదు. టమాటాకి పనికొచ్చే సలహాలు దీనికి సగమే పనికొస్తాయి. దీని పుట్టిల్లు మెక్సికో. అక్కడ మొక్కజొన్న చేలల్లో తనంతట తానే మొలిచి కాసే చిన్నకాయ రకాలు ఇప్పటికీ ఉన్నాయి. అంత మొండి మొక్క మన పెరట్లో కాయలేదంటే, దానికి జబ్బు చేసిందని మందులు కొట్టే ముందు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి.

మొక్క నిండా పూలే, ఒక్క కాయ కూడా లేదు

ముందు మొక్కల్ని లెక్కపెట్టండి. ఒకటే ఉంటే కారణం దొరికినట్టే. టమాటా పువ్వు తన పుప్పొడితోనే పిందె కడుతుంది. టొమాటిల్లో అలా కాదు. తన పుప్పొడినే కాదు, అదే మొక్క మీద పూసిన ఇంకో పువ్వు పుప్పొడిని కూడా ఒప్పుకోదు. వేరే మొక్క నుంచి రావాల్సిందే. అందుకే టమాటాకి చేసినట్టు కొమ్మ పట్టుకుని ఊపితే ఇక్కడ ఏ ఉపయోగమూ ఉండదు.

కనీసం రెండు మొక్కలు పెట్టండి, చోటుంటే మూడు. రెండూ విత్తనం నుంచి విడివిడిగా మొలిచినవై ఉండాలి. ఒకే మొక్క నుంచి కొమ్మలు తుంచి వేళ్ళు పట్టించుకుంటే పైకి అవి రెండు మొక్కలుగా కనిపించినా, పువ్వు లెక్కలో ఒకటే. మొక్కల మధ్య మూడడుగుల దూరం ఉంటే చాలు. కుండీల్లో పెంచేవాళ్ళు అయిదు గ్యాలన్లకి తక్కువ కాకుండా రెండు కుండీలు పక్కపక్కన పెట్టుకోవాలి. సీజన్ మధ్యలో ఈ సంగతి తెలిసిందా? కంగారు లేదు, నర్సరీలో ఇంకో మొక్క దొరికితే ఇప్పుడే తెచ్చి పక్కన నాటండి. అది పూత మొదలుపెట్టగానే పాత మొక్క కూడా కాపు అందుకుంటుంది.

రెండు మొక్కలున్నా కాయడం లేదంటే తేనెటీగలు వస్తున్నాయో లేదో చూడండి. ఉదయం ఎండ పడ్డాక ఒక పది నిమిషాలు మొక్క దగ్గర నిలబడితే తెలిసిపోతుంది. పసుపు పచ్చని పువ్వు, లోపల గొంతు దగ్గర ముదురు గోధుమ రంగు మచ్చలు, తల కిందికి వాల్చుకుని ఉంటుంది. తేనెటీగలు వాటి కిందికి దూరి వేలాడుతూ కనిపించాలి. ఎత్తయిన అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో, నెట్ కప్పిన మడుల్లో అవి రావు. అప్పుడు మెత్తని పెయింటింగ్ బ్రష్ తీసుకుని ఒక మొక్క పూలలో తిప్పి, రెండో మొక్క పూలకి అద్దండి. మళ్ళీ అటు నుంచి ఇటు. రోజు విడిచి రోజు చేస్తే చాలు. పక్కన తులసి, బంతి, ధనియాల మొక్కల్ని పూతకి వదిలేస్తే ఈగలు వాటంతట అవే వస్తాయి.

మూడో కారణం ఎండ. పగలు 95 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 35 సెల్సియస్ దాటే రోజులు వరసగా వస్తే పూత రాలిపోతుంది. టెక్సస్‌లో జులై, ఆగస్టు నెలల్లో ఇది మామూలే. ఆ రెండు నెలలూ మొక్కని బతికించుకోవడమే మన పని. మధ్యాహ్నం నీడ పడేలా షేడ్ క్లాత్ కట్టి, మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులో గడ్డో మందంగా పరిచి, నీళ్ళు తప్పకుండా చూసుకుంటే సెప్టెంబరులో మళ్ళీ పూస్తుంది. హైదరాబాద్‌లో మేడ మీద ప్రయత్నించేవాళ్ళు మండువేసవి పూత మీద ఆశ పెట్టుకోకుండా, చలికాలంలో పూత వచ్చేలా నారు పోసుకోవడం మేలు.

నాలుగోది ఎరువు. ఆకులు ముదురు పచ్చగా, కొమ్మలు ఏపుగా ఉండి పూత పలచగా ఉంటే నత్రజని ఎక్కువైందని అర్థం. యూరియా, లాన్ ఎరువు, పచ్చి పశువుల పెంట ఆపేయండి. నాటేటప్పుడు వేసిన కంపోస్టే దీనికి చాలావరకు సరిపోతుంది.

పొర ఉబ్బింది, లోపల కాయ లేదు

ఇది చాలాసార్లు సమస్యే కాదు. టొమాటిల్లోలో ముందు పొర పెరుగుతుంది, ఆ తర్వాతే లోపల కాయ ఊరుతుంది. రెండు వేళ్ళతో పొరని మెల్లగా నొక్కి చూడండి. అడుగున శనగ గింజంత గట్టిగా తగిలితే పిందె ఉన్నట్టే, ఆగండి. అసలేమీ తగలకుండా పొర పసుపు రంగుకి తిరిగి ఎండుతుంటే మాత్రం పుప్పొడి సరిగ్గా అందలేదనో, వడగాడ్పుకి పిందె చచ్చిపోయిందనో లెక్క. అప్పుడు పైన చెప్పినవే చేయాలి.

ఆకుల నిండా చిల్లులు

సన్నని సూదితో పొడిచినట్టున్న చిల్లులయితే గెంతే నల్ల పెంకు పురుగుల పని. లేత నారుకే ఇది ప్రమాదం. నాటిన కొత్తలో పలచని నెట్ కప్పి, పూత రాగానే తీసేయండి. తీయకపోతే తేనెటీగలు రాక, కాయలు లేని కథ మళ్ళీ మొదలవుతుంది.

ఆకు అంచులు కొరికేసి ఉంటే ఆకు తిప్పి అడుగున చూడండి. నడిమి ఈనె వెంట పసుపు, నారింజ రంగు గుడ్లు, వాటి పక్కన తడితడిగా నల్లని ముద్దల్లాంటివి ఉంటాయి. ఆ ముద్దలు నిజానికి పురుగు పిల్లలే. తమ పెంటనే వీపు మీద మోసుకుంటూ పక్షుల నుంచి, చీమల నుంచి దాక్కుంటాయి. పెద్దయ్యాక ఒళ్ళంతా నారింజ రంగు, వీపున మూడు నల్ల చారలు. గ్లౌజులు వేసుకుని గుడ్లు నలిపేయడం, పిల్లల్ని సబ్బునీళ్ళ డబ్బాలోకి దులపడం అన్నిటికన్నా నమ్మకమైన మార్గం. వేపనూనె పిల్లదశలో బాగా పనిచేస్తుంది. తేనెటీగలు వెళ్ళిపోయాక సాయంత్రం పూట మాత్రమే కొట్టండి. గొంగళి పురుగుల కోసం అమ్మే బీటీ మందు (ఒక రకం బాక్టీరియాతో చేసేది) ఈ పెంకు పురుగుల మీద పనిచేయదు, దానికి డబ్బు పెట్టకండి.

పొరకి గుండ్రని కన్నం పడి, విప్పితే లోపల కాయ తొలిచేసి ఉంటే అది కాయ తొలుచు పురుగు. ఇది గొంగళి కాబట్టి బీటీ పనికొస్తుంది, కానీ లోపలికి దూరకముందే కొట్టాలి. దూరిన కాయల్ని కోసి చెత్తబుట్టలో పారేయండి, మొక్క కింద వదలొద్దు.

కొమ్మలు విరిగి పడుతున్నాయి, కాయలు రాలుతున్నాయి

ఇది అడ్డంగా పాకే మొక్క. మూడు నాలుగు అడుగుల ఎత్తు ఎదిగి, కాయల బరువుకి కణుపుల దగ్గర విరుగుతుంది. నాటిన రోజే చుట్టూ కేజ్ (కొమ్మల్ని ఆపే తీగల చట్రం) పెట్టాలి, తర్వాత పెట్టబోతే విరిచేది మనమే. నాటేటప్పుడు టమాటాలాగే కాండాన్ని లోతుగా పూడిస్తే దాని నుంచి కూడా వేళ్ళు వస్తాయి. ఈ ఒక్క విషయంలో టమాటా అనుభవం అచ్చంగా పనికొస్తుంది.

కాయ రాలడం మాత్రం జబ్బు కాదు. ముదిరిన కాయ పొరతో సహా తనే కింద పడుతుంది. రోజూ ఏరుకోండి. ఏరకపోతే అవి కుళ్ళి, వచ్చే ఏడు అదే చోట వందల మొలకలు వస్తాయి.

ఎప్పుడు కోయాలో తెలియడం లేదు

పండేదాకా ఆగడం వల్ల చాలామంది దీని పులుపు పోగొట్టుకుంటారు. కాయ పొరంతా నిండి, పొర బిగుసుకుని చిట్లడం మొదలయ్యాక, కాయ ఇంకా పచ్చగా, గట్టిగా ఉన్నప్పుడే కోయాలి. పసుపు రంగు తిరిగితే తియ్యబడుతుంది, పచ్చడికి చప్పగా ఉంటుంది. ఊదారంగు రకాలు వేరు, అవి రంగు తిరిగాకే కోయాలి. పొర తీయకుండా కాగితం సంచిలో ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు నిలుస్తాయి. ఎక్కువొస్తే పొర తీసి, కడిగి తుడిచి, కాయల్ని అలాగే ఫ్రీజర్‌లో వేసుకోవచ్చు.

చేదుగా ఉంది, నీళ్ళగా ఉంది, పప్పు ఉడకలేదు

పొర విప్పగానే కాయ మీద జిగట తగులుతుంది. చేదు చాలావరకు ఆ జిగటదే. గోరువెచ్చని నీళ్ళలో వేళ్ళతో రుద్ది కడగండి. మెక్సికన్ వంటల్లో సల్సా వెర్దే అనే పచ్చరంగు పచ్చడి కోసం వీటిని ఉడికించేటప్పుడు రంగు మారి ఆలివ్ పచ్చకి రాగానే దించేస్తారు. పగిలేదాకా మరిగిస్తే రుచి చెడుతుంది. పులుపు మరీ ఘాటుగా ఉందంటే ఉడికించే బదులు పెనం మీద నల్ల మచ్చలు పడేలా కాల్చండి, కాస్త తీపి వస్తుంది.

పచ్చడి నీళ్ళోడితే మగ్గించడం తక్కువైంది. ముక్కలు కోసి నూనెలో పచ్చిమిర్చితో పాటు మూత లేకుండా, అడుగున నూనె తేలేదాకా మగ్గించాలి. చింతపండు వేయకండి. వేయించిన నువ్వులో పల్లీలో వేసి కచ్చాపచ్చాగా రుబ్బితే పులుపు సర్దుకుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టాక సల్సా జెల్లీలా గట్టిపడితే పాడైందనుకోవద్దు. ఈ కాయలో పెక్టిన్, అంటే జామ్‌ని గట్టిపరిచే పదార్థం, ఎక్కువ. కాస్త వేడిచేసినా, రెండు చెంచాల నీళ్ళు కలిపినా జారుతుంది.

పప్పులో వేసేటప్పుడు కందిపప్పు విడిగా మెత్తగా ఉడికాకే కలపండి. పులుపు ముందే పడితే పప్పు బిరుసుగా ఉండిపోతుంది.

ఈ పచ్చడి నిల్వ పచ్చడి కాదు. ఫ్రిజ్‌లో పెట్టుకుని వారంలోపు తినేయండి. సీసాల్లో సీల్ చేసి బయట పెట్టాలనుకుంటే సొంత కొలతలతో చేయొద్దు. నిమ్మరసం, వెనిగర్ ఎంత పోయాలో పరీక్షించి ఇచ్చిన క్యానింగ్ రెసిపీనే వాడాలి. ఇంకో ముఖ్యమైన మాట: లేత ఆకు ఏది కనిపించినా పప్పులో వేసే అలవాటు మనది. దీని ఆకు, కాడ, పొర మూడూ విషమే. కాయ ఒక్కటే తినాలి, పిల్లలకి కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి.