వాల్వు కన్సోల్ రేడియోను బాగుచేసుకొని వినడం ఎలా

నేల మీద నిలబెట్టే పాత వాల్వు (వాక్యూమ్ ట్యూబు) కన్సోల్ రేడియో చేతికి రాగానే ఎవరికైనా ప్లగ్గు పెట్టి చూడాలనిపిస్తుంది. ఆ కోరికను ఆపుకోవడంతోనే మరమ్మతు మొదలవుతుంది. దశాబ్దాలుగా కరెంటు ఎరుగని సెట్టులో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు (ఛార్జిని నిలవచేసే భాగాలు) ఎండిపోయి ఉంటాయి. వాటిలో ఒక్కటి షార్టయినా ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వు, దాని వెంటే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. కెపాసిటర్ ఈనాటికీ కొత్తది దొరుకుతుంది, కానీ ఆ సెట్టు కోసమే చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ దొరకదు. ఈ పని మొత్తానికీ నేను పాటించే సూత్రం ఇదే: మళ్లీ దొరకని భాగాలను కాపాడుకోవడం కోసం, దొరికే భాగాలను సంకోచం లేకుండా మార్చేయాలి.

మళ్లీ దొరకనివి ఏమిటో సెట్టు కొనేటప్పుడే చూసుకోవాలి. 1930లలో ఫిల్కో, జెనిత్, ఆర్‌సీఏ వంటి అమెరికన్ కంపెనీలు చేసిన కన్సోళ్లలోనూ, 1950లలో గ్రుండిగ్, టెలిఫుంకెన్ వంటి జర్మన్ కంపెనీలు ఎఫ్ఎం బ్యాండుతో చేసిన సెట్లలోనూ చెక్కపెట్టె, డయల్ అద్దం, స్పీకర్, పవర్ ట్రాన్స్‌ఫార్మర్, కాయిళ్లు ముఖ్యమైనవి. ఈ అయిదూ బాగుంటే మిగతాదంతా ఓపికతో చక్కబడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తారు కారి ఉన్నా, మాడు వాసన వస్తున్నా అది ఒకసారి బాగా వేడెక్కిందని గ్రహించి, మల్టీమీటరుతో ఒక్కొక్క చుట్టనూ పరీక్షించాలి. ఒకటి రెండు వాల్వులు లేవన్న కారణంతో మంచి సెట్టును వదులుకోనక్కరలేదు. వాడుకలో ఉండిన వాల్వుల్లో చాలా రకాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి.

చాసిస్ (భాగాలన్నీ బిగించిన లోహపు చట్రం) మీద చేయి వేసే ముందు ప్రమాదం ఎక్కడుందో తెలిసి ఉండాలి. ఈ సెట్లలో 250 నుంచి 350 వోల్టుల వరకు డీసీ ఉంటుంది, కొన్ని పెద్ద సెట్లలో ఇంకా ఎక్కువే. స్విచ్ ఆపి ప్లగ్గు తీసిన తరువాత కూడా డీసీని నునుపు చేసే ఫిల్టర్ కెపాసిటర్లలో ఛార్జి నిలిచి ఉండవచ్చు. అందువల్ల 10 కిలో ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టరుకు ఇన్సులేషన్ ఉన్న తీగలు కలిపి, దానితో ప్రతి ఫిల్టర్ కెపాసిటరునూ డిశ్చార్జి చేసి, మీటరుతో సున్నా చూసిన తరువాతే లోపల చేయి పెట్టాలి. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే ఒక చేతితోనే పని చేయాలి, రెండో చేయి చాసిస్‌కు తగలకూడదు. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ/డీసీ సెట్లలో చాసిసే మెయిన్స్‌కు కలిసి ఉండవచ్చు, వాటిని మెయిన్స్ నుంచి వేరుచేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా బల్ల మీద పెట్టుకోరాదు. వేడి తగలకుండా లోపల బూడిద రంగు రేకులాంటి ఆస్బెస్టాస్ అట్ట అతికించిన సెట్లు కూడా ఉన్నాయి. దాన్ని గీకకుండా, దులపకుండా అలాగే వదిలేయాలి.

విప్పడం మొదలుపెట్టే ముందు చాసిస్ పైభాగం, అడుగుభాగం, స్పీకర్ తీగలు, నాబ్‌ల వరుస అన్నీ ఫోటోలు తీసి పెట్టుకోండి. వెనుక అంటించిన చీటీ మీద మోడల్ నంబరు, ఏ సాకెట్టులో ఏ వాల్వు ఉండాలో చూపే పటం తరచుగా ఉంటాయి. మోడల్ నంబరు తెలిస్తే సర్క్యూట్ డయాగ్రామ్ సంపాదించడం కష్టం కాదు. అది చేతిలో లేకుండా పని మొదలుపెట్టవద్దని నా గట్టి సలహా. మీకన్నా ముందు ఎవరో మరమ్మతు చేసి విలువలు మార్చి ఉండవచ్చు. చాసిస్‌లో కనిపించేదాన్నే నమ్మితే ఆ తప్పును మీరూ కొనసాగిస్తారు.

దుమ్మును మెత్తని కుంచెతో కదిలిస్తూ వాక్యూమ్ క్లీనరుతో లాగేయాలి, తడి గుడ్డ వద్దు. గాజు వాల్వుల మీద ముద్రించిన నంబరు వేలితో ఒక్కసారి రుద్దితేనే చెరిగిపోతుంది. కాబట్టి ముందు నంబరు చదివి, చిన్న చీటీ రాసి దారంతో వాల్వు అడుగున కట్టి, నంబరు ఉన్న చోటు వదిలేసి మిగతా గాజును తుడవండి. అప్పుడే గాజు లోపల అద్దంలా మెరిసే గెట్టర్ పూతను గమనించండి. ఆ వెండి మెరుపు పాలలా తెల్లబడితే లోపలికి గాలి చొరబడింది, ఆ వాల్వు పనికిరాదు. మెరుపు ఉన్నంత మాత్రాన వాల్వు మంచిదని చెప్పలేం కానీ, పాత వాల్వుల్లో చాలావరకు బాగానే పనిచేస్తాయి. సెట్టు పలకకపోతే ముందుగా వాల్వులన్నీ కొత్తవి కొనే అలవాటు డబ్బు దండగ.

కెపాసిటర్లు: అసలు పని

పాత రేడియోలో తొంభై పాళ్ల జబ్బు కెపాసిటర్లలోనే ఉంటుందనడం పెద్ద అతిశయోక్తి కాదు. మైనం పూసిన కాగితపు కెపాసిటర్లలో కాలం గడిచేకొద్దీ తేమ చేరి కరెంటు లీకవుతుంది. ఇందులో అన్నిటికన్నా హానికరమైనది, ఆడియో వాల్వు ప్లేటు (సిగ్నల్ బయటికి వచ్చే కాలు) నుంచి అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు (సిగ్నల్ లోపలికి వెళ్లే కాలుకు) వెళ్లే కప్లింగ్ కెపాసిటర్. అది లీకైతే 6ఎఫ్6, 6వి6 వంటి అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్ మీదికి పాజిటివ్ వోల్టేజి వచ్చి, వాల్వు మోయలేనంత కరెంటు లాగుతుంది. మొదట ధ్వని బొంగురుపోతుంది, తరువాత వాల్వు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ రెండూ పోతాయి. అందుకే కాగితపు కెపాసిటర్లు బాగున్నట్టు కనిపించినా, మీటరులో విలువ సరిగానే చూపినా, ఒక్కటీ మిగల్చకుండా 630 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్లతో మార్చేయాలి. మీటరు తక్కువ వోల్టేజితో కొలుస్తుంది, లీకేజి బయటపడేది అసలు వోల్టేజి పడినప్పుడే. మైకా కెపాసిటర్లు మాత్రం సాధారణంగా చెక్కుచెదరకుండా ఉంటాయి, అనుమానం వస్తే తప్ప వాటి జోలికి పోవద్దు.

ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల విషయంలో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది విలువ. పాత 8 మైక్రోఫారడ్‌ల స్థానంలో 10, పాత 16 స్థానంలో 22 పెట్టుకోవచ్చు. హమ్ (మెయిన్స్ వల్ల వచ్చే గుయ్యిమనే మోత) తగ్గుతుందని రెక్టిఫయర్ పక్కనున్న మొదటి కెపాసిటరుకు 100 పెడితే మాత్రం, స్విచ్ వేసిన ప్రతిసారీ అది లాగే కరెంటుకు టైప్ 80 లేదా 5వై3 వంటి రెక్టిఫయర్ వాల్వు త్వరగా దెబ్బతింటుంది. పైగా ఆ రెక్టిఫయర్లు మిగతా వాల్వుల కన్నా ముందే వేడెక్కుతాయి కనుక మొదటి కొన్ని సెకన్లు వోల్టేజి మామూలు కన్నా పైకి వెళ్తుంది. అందువల్ల 450 వోల్టుల రేటింగుకు తగ్గకూడదు, పెద్ద సెట్లలో 500 ఇంకా మేలు. రెండోది నెగటివ్ కాలు. అన్ని సెట్లలోనూ అది చాసిస్‌కు కలవదు. కొన్నింటిలో గ్రిడ్ బయాస్ (వాల్వు కరెంటును అదుపులో ఉంచే నెగటివ్ వోల్టేజి) పుట్టించడం కోసం నెగటివ్ తీగకూ చాసిస్‌కూ మధ్య రెసిస్టరు గానీ, స్పీకర్ ఫీల్డ్ కాయిలు (స్పీకరుకు అయస్కాంతంగా పనిచేసే తీగచుట్ట) గానీ ఉంటుంది. అక్కడ కెపాసిటరు నెగటివ్‌ను అలవాటుగా చాసిస్‌కు సోల్డర్ చేస్తే హమ్ పెరుగుతుంది. డయాగ్రామ్ ఏ చోట చూపితే ఆ చోటే కలపాలి.

మెయిన్స్ తీగ నుంచి చాసిస్‌కు ఉన్న కెపాసిటర్‌ను వై2 తరగతి సేఫ్టీ కెపాసిటరుతోనూ, రెండు మెయిన్స్ తీగల మధ్య ఉన్నదాన్ని ఎక్స్2 తరగతితోనూ మార్చాలి. ఇక్కడ మామూలు కెపాసిటర్ పెట్టడం ప్రాణాలతో చెలగాటం. దేన్ని మార్చినా ఒకేసారి అన్నీ కత్తిరించకుండా ఒకటి తీసి, ఒకటి పెట్టి, ఫోటోతో సరిచూసుకొని తరువాతిదానికి వెళ్లాలి. పాత రూపం నిలబెట్టాలనుకునేవారు పాత కాగితపు గొట్టాన్ని వేడిచేసి లోపలిది తీసేసి, కొత్త కెపాసిటరును అందులో దూర్చి, రెండు చివరలా మైనంతో మూస్తారు. ఎలక్ట్రికల్‌గా తేడా ఏమీ లేదు గానీ, చాసిస్ తిప్పి చూసినప్పుడు కళ్లకు ఆ సెట్టు కాలమే కనబడుతుంది కాబట్టి ఆ శ్రమ వృథా అనను.

రెసిస్టర్ల విలువ కాలం గడిచేకొద్దీ పెరుగుతుంది, 20 శాతానికి మించి తేడా ఉన్నవాటిని మార్చితే చాలు. 1930ల మధ్యకాలపు కొన్ని సెట్లలో రబ్బరు తొడుగు తీగలు వంచగానే పెచ్చులు పెచ్చులుగా రాలిపోతాయి, అలాంటి తీగలను, మెయిన్స్ తీగను తప్పకుండా మార్చి, ఒక ఫ్యూజు చేర్చాలి.

మొదటిసారి కరెంటు ఇవ్వడం

100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బును, ఎల్ఈడీని కాదు, మెయిన్స్ తీగలో వరుసగా (సిరీస్‌లో) కలిపి దాని ద్వారానే సెట్టుకు కరెంటు ఇవ్వాలి. ముందు రెక్టిఫయర్ వాల్వు తీసేసి స్విచ్ వేయండి. బల్బు క్షణం వెలిగి మసకబారితే ట్రాన్స్‌ఫార్మర్ క్షేమం, ధగధగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉంది. వాల్వుల ఫిలమెంట్లు ఎర్రబడ్డాయని చూసుకొని, కరెంటు తీసి, రెక్టిఫయర్ పెట్టి మళ్లీ ఇవ్వండి. స్పీకర్ కలపకుండా మాత్రం ఎన్నడూ ఇవ్వవద్దు. 1930ల కన్సోళ్లలో స్పీకరు ఫీల్డ్ కాయిలే పవర్ సప్లైలో హమ్‌ను వడకట్టే చోక్‌గా కూడా పనిచేస్తుంది, అది లేకపోతే సర్క్యూట్ పూర్తికాదు. వోల్టేజీలు డయాగ్రామ్‌తో సరిపోతే బల్బు తీసి నేరుగా ఇవ్వవచ్చు. 110 వోల్టుల కోసం చేసిన సెట్టును 230 వోల్టుల మెయిన్స్ మీద వాడాలంటే సరిపడా వాటేజి ఉన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 60 హెర్ట్జ్‌కు మాత్రమే చేసిన సెట్టు 50 హెర్ట్జ్ మీద కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది కనుక మొదటి గంట దగ్గరే ఉండి ట్రాన్స్‌ఫార్మర్ వేడిని గమనించాలి.

నాబ్ తిప్పినప్పుడు గరగర వస్తే వాల్యూమ్ కంట్రోల్ లోపలికి, బ్యాండ్ స్విచ్ కాంటాక్టుల మీదికి కొద్దిగా కాంటాక్ట్ క్లీనర్ కొట్టి అటూ ఇటూ తిప్పితే చాలావరకు పోతుంది. ట్యూనింగును సరిపెట్టే అలైన్‌మెంట్ స్క్రూలను ఊరికే తిప్పకండి. ఫ్యాక్టరీలో పెట్టిన అమరిక తరచుగా ఇంకా దగ్గరగానే ఉంటుంది. స్టేషన్లు నీరసంగా ఉన్నా, డయల్ మీద తప్పు చోట పలికినా మాత్రం సిగ్నల్ జనరేటర్ తీసుకొని, ముందు ఐఎఫ్ (మధ్యంతర ఫ్రీక్వెన్సీ) ట్రాన్స్‌ఫార్మర్లను ఆ సెట్టు ఫ్రీక్వెన్సీకి సరిచేయాలి. అది చాలా సెట్లలో 455 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, తొలికాలపు సెట్లలో 175 లేదా 262 కూడా కనిపిస్తుంది. ఆ తరువాత డయల్ పైకొసన 1400 దగ్గర ట్రిమ్మరును, కింది కొసన 600 దగ్గర పాడరును (ఇవి సర్దుబాటు చేయగల చిన్న కెపాసిటర్లు), రెండూ కుదిరేవరకు మార్చి మార్చి సర్దాలి. స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్‌ది అయి ఉండాలి, ఇనుపది దగ్గరికి తెచ్చినా ట్యూనింగు జరిగిపోతుంది.

స్పీకర్ కోన్ చిరిగితే పలుచని టిష్యూ కాగితాన్ని నీళ్లు కలిపిన తెల్ల జిగురుతో చిరుగుకు రెండు వైపులా అతికించండి, దళసరి కాగితం పెడితే ధ్వని బిగుసుకుపోతుంది. డయల్ అద్దం వెనుక అక్షరాలను తడి గుడ్డతో తాకవద్దు, నీటితోనే ఊడిపోయే రంగులు చాలా ఉన్నాయి.

పెట్టె విషయంలో నా అభిప్రాయం స్పష్టం: పాత పూత నిలబడేలా ఉంటే దాన్ని గీకి తీసేయకూడదు. మినరల్ స్పిరిట్స్‌తో మురికి తుడిచి, మైనం పట్టిస్తేనే చాలా పెట్టెలు లోపలి నుంచి వెలుగొస్తున్నట్టు తేరుకుంటాయి. పూత లక్క పాలిషా, లాకరా అని తెలుసుకోవడానికి కనబడని మూలలో ఆల్కహాల్ స్పిరిట్ చుక్క వేసి చూడండి, మెత్తబడితే లక్క. లేచిన వెనీరు (పైన అతికించిన పలుచని చెక్క పొర) కింద జిగురు పోసి, మైనపు కాగితం అడ్డుపెట్టి, చెక్క బిళ్లతో బిగించి ఒక రాత్రి వదిలేయాలి.

ఇక వినడం. 5 నుంచి 10 మీటర్ల తీగను వీలైనంత ఎత్తున కట్టి, వీలుంటే ఎర్తు కూడా ఇవ్వండి. సూర్యాస్తమయం తరువాత అయనోస్ఫియరులో (పై వాతావరణంలో) పగటిపూట ఈ తరంగాలను పీల్చేసే డి పొర మాయమవడంతో మీడియం వేవ్ మీద దూరపు స్టేషన్లు ఒక్కొక్కటిగా తేలతాయి. 1935 నాటి 6ఈ5 నుంచి మొదలైన మ్యాజిక్ ఐ వాల్వు మీ సెట్టులో ఉంటే, ఆకుపచ్చ వెలుగులోని నీడ సన్నబడేవరకు ట్యూన్ చేయడం ఎంతకూ విసుగు పుట్టని పని. బరబర చప్పుడు వస్తే ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఛార్జర్లు ఒక్కొక్కటీ ఆపి చూడండి, దొంగ దొరికిపోతుంది.

దగ్గరలో మీడియం వేవ్ స్టేషన్లు లేనివారు, స్థానిక చట్టం అనుమతిస్తే, చిన్న ఏఎం ట్రాన్స్‌మిటర్ ద్వారా తమకు నచ్చిన పాటలను సెట్టుకు పంపుకోవచ్చు. గ్రామఫోను ఇన్‌పుట్ ఉన్న సెట్టయితే మొబైల్ ఫోను కుడి ఎడమ ఛానెళ్లను చెరొక రెసిస్టరుతో కలిపి, మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంచి అక్కడ ఇవ్వవచ్చు. చాసిస్ పీకేసి లోపల బ్లూటూత్ స్పీకర్ బిగించడం మాత్రం చేయవద్దు. పెట్టె వెనుక గోడకు జానెడు ఖాళీ వదిలి, వారానికి ఒక గంటయినా సెట్టును పలికిస్తూ ఉండండి. మార్చిన భాగాల విలువలు, తేదీ రాసిన కాగితాన్ని కవరులో పెట్టి పెట్టె లోపలి గోడకు అంటించండి, తరువాత చాసిస్ విప్పేవారికి డయాగ్రామ్‌తో పాటు అదీ అవసరమవుతుంది.