అష్టమి చంద్రుడి ఫొటో: 70 మి.మీ. టెలిస్కోపు, చేతిలోని ఫోను

ఎంగిలిపూల బతుకమ్మ అమావాస్య నాడు మొదలవుతుంది. సద్దుల బతుకమ్మ నాటికి చంద్రుడు సగం నిండుతాడు. టెలిస్కోపుతో మొదటిసారి ఫొటో తీసేవాళ్లకు కావాల్సింది ఈ సగం చంద్రుడే. చాలామంది పౌర్ణమి దాకా ఆగి నిరాశపడతారు. పౌర్ణమి నాడు చంద్రుడి మీద ఎండ మన వైపు నుంచే సూటిగా పడుతుంది కాబట్టి నీడలుండవు, బిలాలన్నీ తెల్లగా చదునైపోతాయి. అష్టమి నాడు వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర ఎండ ఏటవాలుగా పడి, ప్రతి బిలం అంచుకూ పొడుగాటి నీడ వస్తుంది. శుద్ధ పంచమి నుంచి దశమి దాకా ఏ సాయంత్రమైనా పనికొస్తుంది. షష్ఠి ప్రాంతంలో ఆ గీత దగ్గర థియోఫిలస్, సిరిల్లస్, కాథరీనా బిలాలు వరుసగా కనిపిస్తాయి. అష్టమికి అపెనైన్ పర్వతాలు, నవమి దశములకు 93 కిలోమీటర్ల వెడల్పున్న కోపర్నికస్ బయటపడతాయి.

అయితే బతుకమ్మ రోజుల్లో మొగులు ఇంకా పూర్తిగా విడవదు. పైగా అప్పటి సగం చంద్రుడు దక్షిణాన ఆకాశంలో సగం ఎత్తు వరకే ఎక్కుతాడు. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి మాఘ, ఫాల్గుణ మాసాల్లో అష్టమి చంద్రుడు పొద్దుగూకే వేళకు దాదాపు నడినెత్తిన ఉంటాడు. చంద్రుడు ఎంత ఎత్తులో ఉంటే మధ్యలో అంత తక్కువ గాలి అడ్డొస్తుంది, బొమ్మ అంత నిలకడగా ఉంటుంది. అందుకే మొదటి ప్రయత్నానికి మాఘమాసమే మేలు. మరీ నిట్టనిలువుగా ఉన్నప్పుడు గొట్టం ట్రైపాడ్ కాలికి తగులుతుంది. ఓ గంటన్నర ఆగితే చంద్రుడు పడమటికి వాలతాడు.

70 మి.మీ. కటకం, 700 మి.మీ. ఫోకల్ దూరం ఉన్న మామూలు టెలిస్కోపు సరిపోతుంది. దానితో వచ్చే 25 మి.మీ. ఐపీస్ (కన్ను ఆనించి చూసే చిన్న కటకం) పెడితే 28 రెట్లు, 10 మి.మీ.ది పెడితే 70 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. మొదలు 25తోనే పెట్టండి. 4 మి.మీ. ఐపీస్ కూడా డబ్బాలో ఉంటే దాన్ని పక్కన పెట్టండి. దానితో బొమ్మ మసకబారుతుంది, ఊగుడు కూడా రెట్టింపుకు పైగా పెరుగుతుంది. ముందు మూతకు మధ్యలో చిన్న రంధ్రం ఉంటే దాని గుండా తీయకండి, మూత మొత్తం తీసేయండి. కటకం వెడల్పు తగ్గిన కొద్దీ సన్నటి వివరాలు పోతాయి. పూర్తి 70 మి.మీ. వాడితే చంద్రుడి మీద సుమారు 3 కిలోమీటర్ల వివరం దాకా అందుతుంది. చంద్రయాన్-3 ల్యాండర్ కనిపించదా అని పిల్లలు తప్పక అడుగుతారు. అది రెండు మీటర్ల వస్తువు, ఇంటి టెలిస్కోపు ఏదీ దాన్ని చూపలేదు.

చోటు ఎంపికలో ఎక్కువమంది పొరబడతారు. డాబా స్లాబు పగలంతా కాగి రాత్రి వేడిని వదులుతుంది. ఎండాకాలం తారు రోడ్డు మీద కనిపించినట్టే చంద్రుడి అంచు అలలు అలలుగా కదులుతుంది. వీలైతే పెరట్లో మట్టి నేల మీదో గడ్డి మీదో పెట్టండి. డాబానే దిక్కయితే సాయంత్రమే నీళ్లు చల్లి చల్లబరచండి. టెలిస్కోపును అరగంట ముందే బయట ఉంచండి. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా లాగొద్దు, మధ్యలో మూడు నాలుగు కిలోల ఇసుక సంచి వేలాడదీయండి.

గొట్టం మీద గురి చూసుకోవడానికి ఉండే చిన్న ఫైండర్‌ను పగలే దూరపు సెల్ టవర్ కొనకు సరిచేసుకోండి. పొరపాటున కూడా సూర్యుడి వైపు తిప్పొద్దు, చూపు క్షణంలో పోతుంది.

ఇక ఫోను. ఐపీస్‌కు బిగించే ఫోన్ అడాప్టర్ తప్పనిసరి, చేత్తో పట్టుకుంటే కుదరదు. ముందు కంటితో ఫోకస్ చేసి, తర్వాత ఫోన్ బిగించి, ప్రధాన కెమెరా కటకం ఐపీస్ మధ్యకు వచ్చేలా జరపండి. ఒక పక్క నల్లటి నీడ వస్తే మధ్య తప్పిందని, చుట్టూ నల్లగా మూస్తే దూరం సరిగా లేదని అర్థం. రెండు మూడు కెమెరాలున్న ఫోన్లు జూమ్ చేయగానే వాటంతటవే వేరే కెమెరాకు మారతాయి. 1ఎక్స్ దగ్గరే ఉంచండి. ఫోన్ బరువుకు గొట్టం వెనక్కి వంగిపోతే క్లాంపులో గొట్టాన్ని కొంచెం ముందుకు జరపండి.

కెమెరా సెట్టింగులు మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లోకి వెళ్లండి. ఆటోలో వదిలేస్తే చుట్టూ ఉన్న నలుపును చూసి కెమెరా వెలుగు పెంచేస్తుంది, చంద్రుడు తెల్ల ముద్దవుతాడు. 25 మి.మీ. ఐపీస్‌తో సగం చంద్రుడికి ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, షట్టర్ 1/500 సెకను దగ్గర మొదలుపెట్టండి. 10 మి.మీ. ఐపీస్‌తో 1/80 సరిపోతుంది. పౌర్ణమికి దీనికి నాలుగైదు రెట్లు వేగం కావాలి. వెలుగు అంచు తెల్లబారకుండా చూసుకుంటే చాలు, చీకటి వైపు కొంత నల్లగానే ఉండనివ్వండి. చంద్రుణ్ణి గుర్తుపట్టి దిద్దే సీన్ మోడ్ ఏదైనా ఉంటే ఆపేయండి. మనకు కావాల్సింది మన కటకం చూసింది మాత్రమే. ఫోకస్‌ను మళ్లీ ఒకసారి తెర మీద, నీడల గీత దగ్గరి బిలం మీద సరిచేసి, 5 సెకన్ల టైమర్ పెట్టి చేయి తీసేయండి.

ఒక్క ఫొటో కన్నా వీడియో మేలు. గాలి ఊగుడులో కొన్ని క్షణాలే బొమ్మ నిలుస్తుంది. ఒక నిమిషం వీడియో సెకనుకు 30 ఫ్రేముల చొప్పున 1800 ఫ్రేములు ఇస్తుంది. చంద్రుడు తన వెడల్పంత దూరం జరగడానికి రెండు నిమిషాలు పడుతుంది. కాబట్టి కదిలే దిక్కుకు ఎదురు అంచున పెట్టి, గొట్టం ముట్టుకోకుండా రికార్డు చేయండి. వీడియోను పిప్ (PIPP) అనే సాఫ్ట్‌వేర్‌లో ఏవీఐగా మార్చి, ఆటోస్టాకర్ట్‌లో ఉత్తమమైన 20 శాతం ఫ్రేములను కలిపి, రెజిస్టాక్స్‌లో పదును పెట్టండి. కంప్యూటర్ ఉంటే ఈ మూడు సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. అంచు చుట్టూ తెల్ల గీత కనబడిందంటే పదును ఎక్కువైంది, వెనక్కి తగ్గండి. అంచున ఊదా రంగు మామూలు కటకపు లక్షణం. ఫొటోను నలుపు తెలుపుకు మారిస్తే పోతుంది.

90 డిగ్రీల డయాగనల్ (ఐపీస్ ముందు ఉండే, వెలుగును మలిపే అద్దం) వాడితే బొమ్మ ఎడమ కుడి తారుమారై వస్తుంది. ఎడిట్‌లో ఎడమ కుడులను తిరగేసి (ఫ్లిప్) సరిచేశాకే చంద్రుడి పటంతో పోల్చి బిలాల పేర్లు రాసుకోండి.