లాగే గుర్రానికి గట్టి బిట్ (పగ్గాలు కట్టడానికి నోట్లో పెట్టే కళ్లెం ఇనుము) కొనే ముందు
మలక్‌పేట రేసుల నుంచి రిటైరై రైడింగ్‌కి వచ్చిన గుర్రం పగ్గాలు బిగించిన కొద్దీ ఇంకా లాగుతోందంటే అది మొండితనం కాదు, పగ్గాల మీద బరువేసి పరిగెత్తడమే దానికి అలవాటు. ముందుగా దాని పళ్లు పశువైద్యుడికి చూపించండి. దవడ పళ్ల అంచులు పదునుగా ఉన్నా, వాటి ముందు వుల్ఫ్ టూత్ అనే చిన్న పన్ను ఉన్నా, ఇనుము తగిలిన ప్రతిసారీ నొప్పెట్టి, పాపం, ఆ నొప్పి తప్పించుకోవడానికే దౌడు తీస్తుండొచ్చు.

తర్వాత సైజు. పెదవి మూలకీ బిట్ రింగుకీ మధ్య అటూ ఇటూ పావు అంగుళం ఖాళీ చాలు. లావు బిట్ అయితే మెత్తగా ఉంటుందంటారు గానీ, నాలుక మందంగా ఉండి నోరు చిన్నదైతే అది ఇమడదు, గుర్రం నోరు తెరిచి తల ఎగరేస్తూనే ఉంటుంది. నేనైతే ముందు రెండు కీళ్ల స్నాఫిల్ (పగ్గాలు నేరుగా రింగులకే కట్టే మామూలు బిట్) వేసి చూడమంటాను.

అప్పటికీ ఆగకపోతే పెల్హామ్ (పక్కల పొడుగు కడ్డీలు, గడ్డం కింద గొలుసు ఉండే గట్టి బిట్), అదీ రెండు జతల పగ్గాలతోనే. కింది పగ్గం అవసరమైనప్పుడే పట్టాలి, గడ్డం కింది గొలుసులో రెండు వేళ్లు దూరాలి. చేతులు ఇంకా కుదురుకోని పిల్లలకు మాత్రం దయచేసి అది ఇవ్వొద్దు. ఏ బిట్ మార్చినా మొదటిసారి కంచె ఉన్న చోటే ఎక్కండి.