జీఎం (జన్యుమార్పిడి) పంట వార్త కనిపిస్తే ఏం చూడాలి

"జీఎం మంచిదా, చెడ్డదా" అన్న ప్రశ్న ముందు పక్కన పెట్టేయండి, అలా గంపగుత్తగా అడిగితే జవాబు దొరకదు. ఏ పంట, ఏ జన్యువు, అది ఏం పని చేస్తుంది, ఇవి వెతకండి. బీటీ పత్తినే తీసుకుంటే అందులో ఉండేది బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే మట్టి బ్యాక్టీరియా జన్యువు. దాని వల్ల మొక్కలో తయారయ్యే క్రై ప్రోటీన్ కాయతొలుచు పురుగు పేగులోని క్షారంలో కరిగి, పేగు గోడకి అతుక్కుని చిల్లులు పెడుతుంది, పురుగు తిండి మానేసి చస్తుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం, పైగా క్రై ప్రోటీన్ అతుక్కునే గ్రాహకాలు మన పేగులో లేవు. కలుపుమందు తట్టుకునే సోయా సంగతి వేరు, అక్కడ మందు ఎంత కొడుతున్నారో అడగాలి.

తర్వాత అనుమతి దేనికో చూడండి. దిగుమతికా, తినడానికా, సాగుకా? హెడ్‌లైన్లు అన్నీ కలిపేస్తాయి. కెనడా కొత్త లక్షణం ఏమిటని చూస్తుంది, యూరోపియన్ యూనియన్ ఎలా తయారుచేశారన్నదీ పట్టించుకుంటుంది, అందుకే ఒకే విత్తనానికి ఒకచోట అవును, ఇంకోచోట కాదు.

"సేఫ్" అని రాస్తే దేనితో పోల్చారో వెతకండి. మామూలుగా అదే పంట సాధారణ రకంతో పోల్చి విషం, ఎలర్జీ, పోషకాలు చూస్తారు. పురుగులు క్రై ప్రోటీన్‌కి అలవాటుపడి తట్టుకోకుండా పక్కన బీటీ కాని మొక్కలు వేయాలన్న విషయం మాత్రం చాలా వార్తల్లో ఉండదు.