వీఎంవేర్ సర్వర్లకు షేర్డ్ స్టోరేజ్ కలిపే ముందు జాగ్రత్తలు

షేర్డ్ స్టోరేజ్ అంటే సర్వర్లన్నీ నెట్‌వర్క్ మీదుగా కలిసి వాడుకునే డిస్కుల బాక్సు. ముందు బ్యాకప్. లోకల్ డిస్కుల మీదున్న వర్చువల్ మెషిన్లన్నిటికీ (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లకు) తీసి, కనీసం ఒకటైనా రీస్టోర్ చేసి చూడండి. ఆ తర్వాతే కేబుళ్ల జోలికి వెళ్లండి.

స్టోరేజ్ ట్రాఫిక్‌కి విడిగా వీల్యాన్ (స్విచ్‌లోనే వేరుచేసిన నెట్‌వర్క్) ఉండాలి. వీలైతే స్విచ్‌లు కూడా రెండు.

ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) దగ్గర మాత్రం తొందరపడొద్దు. 9000 పెట్టాలనుకుంటే వీఎంకెర్నెల్ పోర్టు (వీఎంవేర్ సర్వర్ నుంచి స్టోరేజ్ ట్రాఫిక్ వెళ్లే పోర్టు), వర్చువల్ స్విచ్, అసలు స్విచ్, స్టోరేజ్ బాక్సు అన్నిచోట్లా పెట్టాలి. ఒక్కచోట 1500 మిగిలిపోయినా మామూలు పింగ్ (అవతలివైపు జవాబు వస్తోందో చూసే పరీక్ష) హాయిగా వెళ్తుంది, డేటాస్టోర్ (వర్చువల్ మెషిన్ల ఫైళ్లుండే చోటు) కూడా కనిపించొచ్చు. పెద్ద ఫైల్ కాపీ మొదలయ్యాక అంతా బిగుసుకుపోతుంది, అప్పుడు మొదలవుతుంది టెన్షన్. అందుకే ప్యాకెట్‌ను ముక్కలు చేయనివ్వకుండా, 8972 బైట్ల సైజుతో ప్రతి సర్వర్ నుంచీ పింగ్ చేయండి. మిగతా 28 బైట్లు హెడర్లవి. పింగ్ వెళ్లకపోతే, కారణం దొరికేదాకా 1500తోనే నడపడం మేలు.

ఎన్‌ఎఫ్‌ఎస్ (స్టోరేజ్‌లోని ఫోల్డర్‌ను నెట్‌వర్క్ మీద పంచే పద్ధతి) అయితే అన్ని సర్వర్లలోనూ అడ్రసు, ఫోల్డర్ పేరు అక్షరం తేడా లేకుండా ఇవ్వండి. ఒకచోట ఐపీ, ఇంకోచోట పేరు ఇస్తే అవి వేర్వేరు డేటాస్టోర్లుగానే లెక్క.

ఐస్కజీ (iSCSI, నెట్‌వర్క్ మీదుగా డిస్కునే ఇచ్చే పద్ధతి) అయితే ఏ లన్ (స్టోరేజ్ ఇచ్చే డిస్కు భాగం) ఏ సర్వర్లకి కనిపించాలో స్టోరేజ్‌లోనే కట్టడి చేయండి. పొరపాటున అది పక్కనున్న విండోస్ సర్వర్‌కి కనిపించి, ఎవరైనా ఫార్మాట్ కొడితే అందులోని మెషిన్లన్నీ పోయినట్టే.

డీఎన్‌ఎస్ సర్వర్ (పేరు చెబితే ఐపీ అడ్రసు ఇచ్చేది) ఈ స్టోరేజ్ మీదే నడుస్తుంటే, అన్ని సర్వర్లలోనూ స్టోరేజ్‌ని ఐపీతోనే కలపండి. కరెంటు పోయి వచ్చాక స్టోరేజ్ పూర్తిగా లేచిన తర్వాతే సర్వర్లు ఆన్ చేయాలని కాగితం మీద రాసి ర్యాక్‌కి అతికించండి.